ఆర్‌జీఎస్ డేటాలో 290 కిలోమీటర్ల వేగం: ఒక కోఆర్డినేట్ కేసు

ఆర్‌జీఎస్ అంటే ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం మీదున్న ఎక్స్‌రే స్పెక్ట్రోమీటర్. దాని డేటాలో ఒక పీహెచ్‌డీ విద్యార్థినికి సెకనుకు 290 కిలోమీటర్ల వేగం కనిపించిన కేసు ఇది. ఇందులో విద్యార్థిని పేరు, కాలేజీ, నక్షత్రం పేరు, పరిశీలన నంబర్లు అన్నీ తీసేశాను. నక్షత్రం గురించి చెప్పగలిగింది ఇంతే: సూర్యుడికి దగ్గరలో ఉన్న ఒక ఎర్ర మరుగుజ్జు, తరచూ ఫ్లేర్లు వచ్చే రకం, ఉత్తరాన దాదాపు 60 డిగ్రీల డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) దగ్గర ఉంటుంది. ఆకాశంలో ఏడాదికి సుమారు అర ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకనంటే డిగ్రీలో 3600వ వంతు) చొప్పున, ఎక్కువగా తూర్పు పడమరల దిశలో కదులుతోంది. ఈ చివరి సంగతి కేసు మొదలైనప్పుడు ఎవరి దృష్టిలోనూ లేదు.

నేపథ్యం

ఆ అమ్మాయి విజయవాడలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. గైడ్‌ది వేరే ఊరు. అంతకు ముందు ఆమె పనిచేసింది మన దేశపు ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎస్‌ఎక్స్‌టీ అనే ఎక్స్‌రే టెలిస్కోప్ డేటాతో. అది సీసీడీ కెమెరా. ఫోటాన్ తగిలినప్పుడు ఎంత చార్జి పుట్టిందన్నదాన్ని బట్టి శక్తి తెలుస్తుంది. నక్షత్రం చిత్రంలో పది ఆర్క్‌సెకన్లు అటూ ఇటూ ఉన్నా, దాని చుట్టూ గీసుకున్న వలయంలో పడితే చాలు, స్పెక్ట్రం స్పెక్ట్రంలాగే ఉంటుంది. కోఆర్డినేట్లంటే టెలిస్కోప్ ఎటు తిరగాలో చెప్పే అంకెలు, అంతే. ఈ అలవాటుతోనే ఆమె ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఆర్కైవ్‌లోకి వచ్చింది.

ఎక్స్‌ఎంఎం-న్యూటన్‌ను యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ 1999 డిసెంబర్‌లో కౌరు నుంచి ప్రయోగించింది. అందులో మూడు ఎక్స్‌రే టెలిస్కోపులుంటే, రెండింటి వెనక కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే గ్రేటింగులు పెట్టారు. వాటి మీద పడిన కాంతిలో కొంత ఆర్‌జీఎస్ అనే స్పెక్ట్రోమీటర్లకు, కొంత మాస్ కెమెరాలకు వెళ్తుంది. మూడో టెలిస్కోప్ పూర్తిగా పీఎన్ కెమెరాది. ఆర్‌జీఎస్ పనిచేసే పరిధి సుమారు 5 నుంచి 38 ఆంగ్‌స్ట్రామ్‌లు (తరంగదైర్ఘ్యం కొలిచే యూనిట్). నక్షత్రాల కరోనాలోని, అంటే వాటి చుట్టూ ఉండే మహావేడి వాయు పొరలోని, ఆక్సిజన్, నియాన్, ఇనుము, కార్బన్‌ల స్పెక్ట్రం గీతలు విడివిడిగా కనిపించేది ఇక్కడే. పరిశీలకుడికి ఇచ్చిన గడువు దాటాక డేటా ఆర్కైవ్‌లో అందరికీ ఉచితం. మంచి ఇంటర్నెట్, ఒక లినక్స్ లాప్‌టాప్, కొంచెం ఓపిక ఉంటే విజయవాడలో కూర్చుని కూడా చేయగల పని ఇది. రోహిణీ కార్తెలో ఆ లాప్‌టాప్ చేసే ఫ్యాన్ చప్పుడు మాత్రం భరించాలి.

ఆమె దగ్గర ఒకే నక్షత్రానివి రెండు పరిశీలనలున్నాయి. ఆరు నెలల తేడాతో, 2018 ప్రాంతంలో తీసినవి. ఇద్దరికీ తెలిసిన ఒకాయన చెప్పడంతో గుంటూరులో ఉన్న నాకు ఫోన్ చేసింది.

ఏ సమస్యతో వచ్చింది

మొదట ఆమె అడిగింది వేగం గురించి కాదు, వెడల్పు గురించి. గీతలు బలంగా రావాలని రెండు పరిశీలనల స్పెక్ట్రాలను కలిపింది. కలిపిన స్పెక్ట్రంలో ఆక్సిజన్-8 (ఏడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్) గీత, అంటే 18.967 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరది, పరికరం ఇవ్వాల్సిన దానికంటే లావుగా ఉంది. ఆర్‌జీఎస్ మొదటి ఆర్డరులో, అంటే గ్రేటింగ్ విడదీసే స్పెక్ట్రాల్లో మొదటిదానిలో, గీత వెడల్పు సుమారు 0.06, 0.07 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటుంది. ఆమెకు అంతకంటే ఎక్కువే వచ్చింది. కరోనాలో అల్లకల్లోలం అనుకుని ఒక పేరా కూడా రాసేసింది.

విడివిడిగా చూడమన్నాను. కలిపిన స్పెక్ట్రంలో వెడల్పు గురించి ఏ మాటా చెప్పకూడదన్నది నా పాత పట్టుదల. కలపడం వల్ల గీత సన్నబడదు, లావెక్కడమే జరుగుతుంది.

రెండు రోజుల తర్వాత ఫోన్. గొంతులో ఉత్సాహం, టెన్షన్ రెండూ ఉన్నాయి. “సార్, మొదటి సీజన్‌లో గీత ఎరుపు వైపు జరిగింది, రెండో సీజన్‌లో నీలం వైపు. రెండిట్లోనూ దాదాపు 290 కిలోమీటర్లు. బైనరీ అయి ఉంటుందా?”

“ఆప్టికల్‌లో ఈ నక్షత్రం వేగం ఎంతుందమ్మా?”

“అది మారట్లేదు సార్. కిలోమీటరు కూడా తేడా లేదు.”

బైనరీ అంటే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. అందులోని నక్షత్రం మనకు దూరంగా పోతున్నప్పుడు గీతలు ఎరుపు వైపు, దగ్గరికొస్తున్నప్పుడు నీలం వైపు జరుగుతాయి. కానీ ఆప్టికల్ (కంటికి కనిపించే కాంతిలో కొలిచిన) వేగం ఏళ్ల తరబడి స్థిరంగా ఉన్న నక్షత్రానికి ఎక్స్‌రేలో సెకనుకు 290 కిలోమీటర్ల ఊపు రావాలంటే, మొత్తం కరోనా ఆ నక్షత్రాన్ని వదిలేసి ఎటో పోతుండాలి. అది కుదరదు. అలాగని వెంటనే కొట్టిపారేయడమూ నాకు ఇష్టం లేదు. నమ్మకపోవడానికి కారణం కూడా డేటాలోంచే రావాలి.

ఎందుకు కోఆర్డినేట్లను అనుమానించాం

ఆప్టికల్ స్పెక్ట్రోగ్రాఫ్‌కు ముందు ఒక సన్నటి చీలిక ఉంటుంది. నక్షత్రం కాంతి ఆ చీలికలోంచే రావాలి కాబట్టి అది ఎక్కడి నుంచి బయల్దేరిందో పరికరానికి తెలుసు. ఆర్‌జీఎస్‌కు చీలిక లేదు. గ్రేటింగ్ మీద కాంతి ఏ కోణంలో పడిందన్నది నక్షత్రం ఆకాశంలో ఎక్కడుందన్నదాన్ని బట్టే తెలియాలి. అమెరికా వాళ్ల చంద్ర టెలిస్కోప్‌లోనూ చీలిక లేదు. కానీ దాని గ్రేటింగులు వాడినప్పుడు వంగని కాంతి కూడా అదే డిటెక్టర్ మీద చుక్కలా పడుతుంది. ఆ చుక్క దగ్గర సున్నా పెట్టి కొలత మొదలుపెట్టొచ్చు. ఆర్‌జీఎస్ డిటెక్టర్ మీద ఆ చుక్క పడదు. సున్నా ఎక్కడో మనమే చెప్పాలి. చెప్పే పద్ధతి కోఆర్డినేట్లు ఇవ్వడం.

మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తనే ఒకటి తీసుకుంటుంది. ఎస్‌ఏఎస్ అనే ఎక్స్‌ఎంఎం సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌జీఎస్ పని మొత్తాన్నీ ‘ఆర్‌జీఎస్‌ప్రాక్’ నడిపిస్తుంది. అది మొదట ఒక సోర్స్ జాబితా తయారుచేస్తుంది. అందులో ఒకటో నంబరు ‘ప్రొపోజల్’, అంటే పరిశీలన కోరినవాళ్లు దరఖాస్తులో రాసిన స్థానం. రెండోది టెలిస్కోప్ నడిబొడ్డున ఉన్న బిందువు. మనం వేరే చెప్పకపోతే ఒకటో నంబరే ప్రధాన సోర్స్. తరంగదైర్ఘ్యాలన్నీ దాన్ని నమ్మి లెక్కవుతాయి.

నక్షత్రం అసలు స్థానానికీ నమ్మిన స్థానానికీ మధ్య, కాంతి విడిపోయే దిశలో, ఒక ఆర్క్‌సెకను తేడా ఉంటే మొదటి ఆర్డరులో గీత 2.3 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతుంది. ఆర్క్‌నిమిషానికైతే 0.138 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండో ఆర్డరులో ఇందులో సగం. ఈ జరుగుడు గీత ఎక్కడున్నా ఒకటే. 12 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరా, 33 దగ్గరా అంతే. గ్రేటింగ్ సమీకరణంలో కాంతి పడే కోణం ఒక పదంగా, వెళ్లే కోణం ఇంకో పదంగా విడివిడిగా ఉంటాయి. పడే కోణం మారితే దాని పదం ఎంత మారిందో అంతే మొత్తం అన్ని తరంగదైర్ఘ్యాలకూ సమానంగా చేరుతుంది.

నిజమైన వేగం అలా చేయదు. డాప్లర్ జరుగుడు తరంగదైర్ఘ్యానికి అనులోమంగా పెరుగుతుంది. వస్త్రలత బట్టల మార్కెట్‌లో బట్ట కొలిచే టేపు సాగిపోయి ఉంటే పొడవు కొలిచేకొద్దీ తప్పు పెరుగుతుంది. టేపు మొదట్లో రెండు అంగుళాలు తెగిపోయి ఉంటే జాకెట్ ముక్క కొలిచినా, తాను మొత్తం కొలిచినా తప్పు ఆ రెండంగుళాలే. వేగం సాగిన టేపు, కోఆర్డినేట్ తప్పు తెగిన టేపు.

కాబట్టి ఆమెను ఒక్క ఆక్సిజన్ గీతనే కాకుండా బలమైన గీతలన్నిటినీ విడివిడిగా కొలవమన్నాను. ఇక్కడొక ఇబ్బంది ఉంది. రెండు ఆర్‌జీఎస్ యూనిట్లలోనూ ప్రయోగం తర్వాత తొలినాళ్లలోనే ఒక్కో సీసీడీ పాడైంది. మొదటి యూనిట్‌కు సుమారు 10.6 నుంచి 13.8 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు, రెండో యూనిట్‌కు సుమారు 20 నుంచి 24 వరకు కన్ను లేదు. అందుకే నియాన్-10 గీత, 12.13 దగ్గరది, రెండో యూనిట్ నుంచి మాత్రమే వస్తుంది. ఆక్సిజన్-7 త్రయం, అంటే పక్కపక్కనే ఉండే మూడు గీతలు, మొదటి యూనిట్ నుంచి మాత్రమే. ఇనుము-17 గీత 15.01 దగ్గర, ఆక్సిజన్-8 18.97 దగ్గర, కార్బన్-6 33.73 దగ్గర రెండిట్లోనూ వస్తాయి.

కొలతలు వచ్చాయి. మొదటి సీజన్‌లో గీతలన్నీ 17, 19 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్యే ఎరుపు వైపు జరిగాయి. 18.4 అనుకుంటే నియాన్ దగ్గర అది సెకనుకు 455 కిలోమీటర్లు, ఇనుము దగ్గర 367, ఆక్సిజన్-8 దగ్గర 291, కార్బన్ దగ్గర 164. ఒకే నక్షత్రం, ఒకే రోజు, మూలకానికో వేగం. దాన్ని వేగం అని పిలవడానికి వీల్లేదు. ఆంగ్‌స్ట్రామ్‌లలో చూస్తే మాత్రం ఒకే అంకె. రెండో ఆర్డరులో ఇనుము గీత బలహీనంగా ఉన్నా, జరుగుడు దాదాపు సగమే ఉందని చెప్పడానికి సరిపోయింది.

రెండు సీజన్లలో దిశ తిరగబడటానికి కూడా వేరే కారణం వెతకక్కర్లేదు. సోలార్ ప్యానెళ్లు సూర్యుడి వైపే ఉండాలి కాబట్టి, ఆరు నెలల తేడాతో అదే నక్షత్రాన్ని చూసినప్పుడు ఉపగ్రహం దాదాపు 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ఆకాశంలో తప్పు అదే వైపుకు ఉన్నా, గ్రేటింగ్‌కు అది ఎదురు దిక్కుగా కనిపిస్తుంది. ఎరుపు నీలమవుతుంది. అచ్చం బైనరీలాగే. ఈ రెండు స్పెక్ట్రాలను కలిపితే గీత లావెక్కడంలో వింత లేదు.

గైడ్ వైపు నుంచి ఒక అభ్యంతరం వచ్చింది, అది సరైన అభ్యంతరమే: “రెండు యూనిట్లూ ఒకే సమాధానం ఇస్తున్నాయి కదా, పరికరం తప్పయితే రెండూ కలిసి తప్పు చేస్తాయా?” చేస్తాయి. రెండు యూనిట్లూ కాంతిని విడదీసేది ఉపగ్రహంలో ఒకే దిశలో. రెండూ నమ్మింది ఒకే స్థానాన్ని. ఒకే తప్పు అడ్రస్ ఇద్దరికీ ఇచ్చాక వాళ్లిద్దరి మాటా కలిసిందంటే అది సాక్ష్యం కాదు.

తప్పు ఎక్కడిది

18.4ను 2.3తో భాగిస్తే 8 ఆర్క్‌సెకన్లు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రొపోజల్‌లోని ఆర్‌ఏ (ఆకాశంలో రేఖాంశం లాంటిది), డెక్ (డెక్లినేషన్) అంకెలను ఆమె సింబాద్ అనే ఆన్‌లైన్ నక్షత్రాల డేటాబేస్‌తో పోల్చి చూసింది. అక్షరం తేడా లేదు. “జే2000 సార్, కరెక్టే ఉంది” అంది. ఈ విషయం ఇక్కడే చాలామందిని పట్టేస్తుంది, అందుకే కొంచెం నిలబడి చెబుతాను.

జే2000 అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి, అంకెలు ఏ అక్షాల మీద రాశారు. రెండోది, నక్షత్రం ఏ తేదీన అక్కడుంది. సింబాద్ ఇచ్చే స్థానం ఐసీఆర్‌ఎస్ అనే ప్రామాణిక అక్షాల మీద, 2000 సంవత్సరం నాటికి. పక్కనే ప్రాపర్ మోషన్, అంటే నక్షత్రం ఆకాశంలో ఏడాదికి కదిలే దూరం, వేరే వరుసలో ఉంటుంది. దాన్ని మనమే కలుపుకోవాలి. నక్షత్రాల స్థానాలు కొలిచిన గయా ఉపగ్రహం మూడో విడత కేటలాగ్‌లో అయితే స్థానం 2016.0 నాటిది. దూరపు గెలాక్సీకి ఈ తేడాలతో పనిలేదు. బర్నార్డ్ నక్షత్రం ఏడాదికి 10 ఆర్క్‌సెకన్లకు పైగా కదులుతుంది. ప్రాక్సిమా సెంటారీ దాదాపు 4 ఆర్క్‌సెకన్లు. మన నక్షత్రం అర ఆర్క్‌సెకనే, కానీ పద్దెనిమిదేళ్లు గడిచాయి. 9 ఆర్క్‌సెకన్లు. అందులో కాంతి విడిపోయే దిశలో పడేది 8 చిల్లర. లెక్క కలిసింది.

దరఖాస్తు రాసినవాళ్ల తప్పు అనను. టెలిస్కోప్ తిప్పడానికి 9 ఆర్క్‌సెకన్లు లెక్కలోకి రావు. పీఎన్ కెమెరాతో పని ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియకుండానే గడిచిపోతుంది.

లెక్క కలిసినా ఇంకో దారి నుంచి చూసుకోవాలనిపించింది. అదే పరిశీలనలో మాస్ కెమెరా తీసిన చిత్రం ఉంది కదా. అందులో నక్షత్రం కేంద్రం ప్రొపోజల్ స్థానానికి దాదాపు 9 ఆర్క్‌సెకన్ల దూరంలో ఉంది. మాస్‌లో నక్షత్రం చుక్క వెడల్పే సుమారు 5 ఆర్క్‌సెకన్లు కాబట్టి గుర్తు వేసి చూస్తే కంటికే కనిపించేంత తేడా.

మరి ఇంతకాలం ఎందుకు కనపడలేదు? ఆమె మంచి విద్యార్థిని, తనిఖీలు చేయకుండా వదల్లేదు. ఆర్‌జీఎస్ ఫోటాన్లను తరంగదైర్ఘ్యం ఒక అక్షం మీద, అడ్డదిశ ఇంకో అక్షం మీద పెట్టి బొమ్మ గీసింది. ఎంచుకున్న పట్టీ మధ్యలోనే స్పెక్ట్రం చక్కగా కూర్చుంది. అది చూసి కోఆర్డినేట్లు బాగున్నాయని నిర్ణయించుకుంది. ఆ బొమ్మ చెప్పేది అడ్డదిశ తప్పు గురించే. ఈ కేసులో తప్పు దాదాపు మొత్తం విడిపోయే దిశలో పడింది, అడ్డదిశలో మిగిలింది కొద్దిగానే. అడ్డంగా తప్పు పడితే కొన్ని ఫోటాన్లు పోతాయి, బొమ్మలో దొరికిపోతుంది. విడిపోయే దిశలో పడితే ఫోటాన్లన్నీ ఉంటాయి, బొమ్మ అందంగా ఉంటుంది, తరంగదైర్ఘ్యాలే తప్పవుతాయి. అందమైన బొమ్మ ఇచ్చే ధైర్యం ఈ విషయంలో పనికిరాదు.

చేసి చూసినవి, కుదరనివి

గైడ్ సూచించిన మొదటి మార్గం ఫిట్‌లోనే సర్దేయడం. మోడల్‌కు ఒక రెడ్‌షిఫ్ట్ (వేగం వల్ల వచ్చే జరుగుడు) తగిలించి దాన్ని స్వేచ్ఛగా వదిలేయడం. ఎక్స్‌స్పెక్ అనే ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘గెయిన్’ సర్దుబాటు వాడదామన్న మాటా వచ్చింది. రెండూ వద్దన్నాను. రెడ్‌షిఫ్ట్ అంటే సాగిన టేపు. ఆక్సిజన్ దగ్గర సరిచేస్తే నియాన్ దగ్గర తక్కువ, కార్బన్ దగ్గర ఎక్కువ అవుతుంది. గెయిన్ శక్తిలో సరళరేఖ. తరంగదైర్ఘ్యంలో స్థిరమైన తప్పు శక్తిలోకి మారిస్తే శక్తి వర్గంతో పెరుగుతుంది, సరళరేఖ దాన్ని పట్టుకోలేదు. ఇంకా పెద్ద కారణం, తప్పు ఎక్కడిదో తెలిసిన తర్వాత దాన్ని అక్కడే దిద్దాలి. మోడల్‌లో దాచిపెడితే అది తర్వాత ఇంకో పారామీటర్ వేషంలో బయటికొస్తుంది.

తర్వాత ఆమె తనే కోఆర్డినేట్లు మార్చి నడిపింది. ‘విత్‌ఎస్‌ఆర్‌సీ’ని అవును అని పెట్టి, ‘ఎస్‌ఆర్‌సీలేబుల్’కు యూజర్ అని పేరిచ్చి, ‘ఎస్‌ఆర్‌సీఆర్‌ఏ’, ‘ఎస్‌ఆర్‌సీడెక్’లలో కొత్త అంకెలిచ్చింది. అంతవరకు బాగుంది. గంటలు పట్టే పనిని తగ్గించుకుందామని మొదటి దశల్ని వదిలేసి స్పెక్ట్రం తీసే దశ నుంచి మొదలుపెట్టింది. గీతలు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. “కోఆర్డినేట్ల సంగతి కాదేమో సార్” అని మెసేజ్.

అలాంటప్పుడు సిద్ధాంతాన్ని అనుమానించే ముందు ఫైళ్లను అడగాలి. సోర్స్ జాబితా తయారయ్యేది మొదటి దశలో. ఒక్కో ఫోటాన్‌కు కోణం, తరంగదైర్ఘ్యం అంటించేది ఆ తర్వాతి దశలో. స్పెక్ట్రం దశ వచ్చేసరికి ఫోటాన్ల నుదుటి రాత అయిపోయి ఉంటుంది. హెడర్‌లో ‘ప్రైమ్‌ఎస్‌ఆర్‌సీ’ చూడమంటే ఇంకా ఒకటే ఉంది, అంటే ప్రొపోజల్ స్థానమే.

మొదటి దశ నుంచి మళ్లీ నడిపించాక ప్రైమ్‌ఎస్‌ఆర్‌సీ మూడు అయింది. గీతలు మాత్రం మళ్లీ అక్కడే ఉన్నాయి. ఈసారి కారణం ఇంకా చిన్నది. ఆమె ఫిట్ స్క్రిప్ట్ పాత ఫైలునే చదువుతోంది. స్పెక్ట్రం ఫైలు పేరు చివర ‘ఎస్‌ఆర్‌స్పెక్’ తర్వాత వచ్చే అంకెల్లో మొదటిది ఆర్డరు, మిగతా మూడూ సోర్స్ నంబరు. 1001 అంటే మొదటి ఆర్డరు, ప్రొపోజల్ సోర్స్. ఆమెకు కావాల్సింది 1003. పాత ఫోల్డర్‌లోనే నడిపింది కాబట్టి 1001 కూడా అక్కడే నిక్షేపంగా ఉంది. అందుకే కొత్త కోఆర్డినేట్లకు ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్ పెట్టమంటాను. డిస్క్ ఖర్చు తక్కువ, గందరగోళం ఖర్చు ఎక్కువ. బ్యాక్‌గ్రౌండ్, రెస్పాన్స్ (పరికరం ఎలా స్పందిస్తుందో చెప్పే) ఫైళ్లు కూడా 1003వే ఉండాలి. ఒక స్థానాన్ని నమ్మిన స్పెక్ట్రానికి ఇంకో స్థానాన్ని నమ్మిన రెస్పాన్స్ జతచేస్తే వచ్చే సమాధానానికి అర్థం ఉండదు.

సరైన ఫైళ్లతో చూస్తే జరుగుడు సగానికి తగ్గింది. 9 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఆగింది.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా అనిపించిన చోటు ఇదే. ఆర్‌జీఎస్ తరంగదైర్ఘ్యాల్లో ఐదారు మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల అనిశ్చితి మామూలే. 9 అంటే దానికి కాస్త పైన. గైడ్ చాలన్నారు. ఆమెకు సబ్మిషన్ తేదీ దగ్గరపడుతోంది. “కాలిబ్రేషన్ ఎర్రర్ పరిధిలోనే ఉంది” అని ఒక వాక్యం రాస్తే ఎవరూ అడగరు.

ఆగకపోవడానికి కారణం ఒక్కటే. మిగిలిన 9 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లు కూడా మొదటి సీజన్‌లో ఎరుపు వైపు, రెండో సీజన్‌లో నీలం వైపు ఉన్నాయి. కాలిబ్రేషన్ తప్పు ఉపగ్రహం ఎటు తిరిగిందో చూసుకుని ఇంత నిక్కచ్చిగా గుర్తు మార్చుకోదు. అంటే మిగిలింది కూడా ఆకాశంలో ఉన్న తప్పే. సరిగ్గా సగం మిగలడం ఇంకో ఆధారం. సగం అనగానే 60 డిగ్రీల డెక్లినేషన్ గుర్తొచ్చింది.

కేటలాగులు ఇచ్చే ఆర్‌ఏ ప్రాపర్ మోషన్‌లో డెక్లినేషన్ కొసైన్ ముందే గుణించి ఉంటుంది. అది ఆకాశం మీద నిజంగా కదిలిన దూరం. దాన్ని ఆర్‌ఏ అంకెకు కలపాలంటే ముందు కొసైన్‌తో భాగించాలి. 60 డిగ్రీల దగ్గర కొసైన్ అర. ఆమె భాగించకుండా 9 ఆర్క్‌సెకన్లు కలిపింది. ఆర్‌ఏలో కలపాల్సింది 18. ఆకాశంలో సున్నా డిగ్రీల డెక్లినేషన్‌కు దగ్గరి నక్షత్రమైతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు.

కుదిరింది

చివరికి చేసింది ఇదీ. గయా స్థానం తీసుకుని, ప్రతి పరిశీలన తేదీకి విడివిడిగా ముందుకు జరిపాం. చేత్తో కాకుండా ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీలో ఎపోక్ (స్థానం ఏ తేదీ నాటిదన్నది) మార్చే సదుపాయం వాడాం, కొసైన్ సంగతి అదే చూసుకుంటుంది. వచ్చిన అంకెల్ని డిగ్రీల్లో రాశాం. గంటలు, నిమిషాల్లో ఉన్న ఆర్‌ఏను పదిహేనుతో గుణించడం మర్చిపోయి ఆకాశంలో ఇంకెక్కడికో పోయినవాళ్లను చూశాను. అదైతే కనీసం ఖాళీ స్పెక్ట్రం ఇచ్చి అరుస్తుంది. ఖాళీ ఫోల్డర్, మొదటి దశ నుంచి చివరిదాకా, ప్రైమ్‌ఎస్‌ఆర్‌సీ మూడు, ఫైళ్లన్నీ 1003.

ఒక నిర్ణయం దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. గయా లెక్క ప్రకారం స్థానం ఇవ్వాలా, మాస్ చిత్రంలో కొలిచిన స్థానం ఇవ్వాలా? మాస్ వైపు ఒక బలమైన వాదన ఉంది. ఉపగ్రహం తను ఎటు చూస్తున్నానో చెప్పడంలోనే ఒకటి రెండు ఆర్క్‌సెకన్ల తప్పు ఉంటే, అది మాస్‌లోనూ ఆర్‌జీఎస్‌లోనూ ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి మాస్ స్థానం వాడితే కొంత రద్దవుతుంది. ఆ మాట కొట్టేయలేం. కానీ ప్రకాశవంతమైన ఈ నక్షత్రం చిత్రం మధ్యలో ఫోటాన్లు ఒకదాని మీద ఒకటి పడి కేంద్రం కొలవడం కాస్త కష్టంగా ఉంది. పైగా ప్రతి పరిశీలనకూ కేంద్రాన్ని కొలిచి వాడితే, తర్వాత సీజన్ల మధ్య తేడా వచ్చినప్పుడు అది నక్షత్రానిదా, మన కొలతదా చెప్పలేం. అందుకే గయాను వాడి, మాస్‌ను సాక్షిగా ఉంచుకున్నాం. రెండిటి మధ్య తేడా ఒక ఆర్క్‌సెకను చిల్లర, అంటే గీతల్లో మూడు నాలుగు మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌లు. ఏ దూరపు సోర్స్‌కో సరైన కేటలాగ్ స్థానం లేనప్పుడు నేను మాస్‌నే ఎంచుకుంటాను.

రెండు సీజన్లూ కలిశాయి. గీతలన్నీ కాలిబ్రేషన్ పరిధిలోకి వచ్చాయి, ఎరుపు నీలం ఆట పోయింది. స్పెక్ట్రాలను మళ్లీ కలిపితే ఆక్సిజన్-8 గీత పరికరం వెడల్పుకు సరిపోయింది. బైనరీ లేదు, అల్లకల్లోలం పేరా లేదు.

ఆమెకు పోయింది ఏమీ లేదు. ఆక్సిజన్-7 త్రయంలో 21.60, 21.80, 22.10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మూడు గీతలుంటాయి. చివరి రెండిటి నిష్పత్తి నుంచి కరోనా సాంద్రత తెలుస్తుంది. మొదటి రెండిటి మధ్య ఎడం 0.2 ఆంగ్‌స్ట్రామ్‌లే. అటూ ఇటూ జరిగిన స్పెక్ట్రాలను కలిపినప్పుడు మొదటి గీత అంచు మధ్య గీతలోకి పాకి, మధ్య గీత బలాన్ని పెంచి చూపింది. దాని వల్ల సాంద్రత ఎక్కువగా వచ్చింది. ఆమె థీసిస్‌లో ఆ అధ్యాయం నిలబడింది ఈ సాంద్రత మీదే, బైనరీ మీద కాదు.

ఇప్పుడు పాటిస్తున్నవి

ఎవరైనా ఆర్‌జీఎస్ స్పెక్ట్రంలో వేగం కనిపించిందని వస్తే నేను మొదట అడిగేది, కనీసం మూడు నాలుగు గీతల్లో జరుగుడును ఆంగ్‌స్ట్రామ్‌లలో రాసి తెమ్మని. కిలోమీటర్లలోకి మార్చి తెస్తే తిప్పి పంపిస్తాను. కిలోమీటర్లలోకి మార్చడమంటేనే అది డాప్లర్ అని ముందే ఒప్పుకోవడం.

రెండోది, పరిశీలన తేదీ. దగ్గరి నక్షత్రమైతే ప్రొపోజల్ స్థానాన్ని నమ్మను, అది ఎవరి దరఖాస్తు అయినా సరే. పాత దరఖాస్తుల్లో రోశాట్ అనే పాత ఎక్స్‌రే ఉపగ్రహం సర్వే నుంచి తీసుకున్న స్థానాలు కూడా కనిపిస్తాయి. వాటిలో పది ఆర్క్‌సెకన్ల పైన తప్పు ఉండటం మామూలే, ప్రాపర్ మోషన్‌తో సంబంధం లేకుండానే.

గెలాక్సీ సమూహాల్లాంటి విస్తారమైన సోర్సులకు ఈ పద్ధతి ఇలాగే పనిచేయదు. వాటిలో ఒక్క స్థానమంటూ లేదు. గీత తనంతట తనే లావుగా వస్తుంది, మాస్ చిత్రంలోని ఆకారాన్ని రెస్పాన్స్‌లో కలిపి ఫిట్ చేయాలి. అది వేరే కథ.

ఆ అమ్మాయి ప్రస్తుతం ఈ తప్పునే తిప్పి వాడుతోంది. ఆమె జాబితాలో ఒక జంట నక్షత్రం ఉంది, రెండిటి మధ్య ఎడం 6 ఆర్క్‌సెకన్లు. మాస్‌లో రెండు చుక్కలూ సగం కలిసిపోతాయి. ఫ్లేర్ వచ్చినప్పుడు ఎవరిది అన్నది తేల్చడం కష్టం. ఉపగ్రహం సరైన కోణంలో తిరిగి ఉన్న పరిశీలన దొరికితే, ఒకదాని స్థానం ఇచ్చి నడిపినప్పుడు రెండోదాని గీతలు 14 మిల్లీ ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా పక్కకు పడాలి. ఫ్లేర్ సమయంలోని గీతల్ని విడిగా కొలిచి, అవి ఏ స్థానానికి సరిపోతున్నాయో చూడాలన్నది ఆమె ఆలోచన. ఆర్కైవ్‌లో ఆ జంట పరిశీలనలన్నిటి కోణాలూ రాసుకుంటోంది. సగానికి పైగా జంట అడ్డదిశలో పడి ఉపయోగం లేదు. మిగతావి డౌన్‌లోడ్‌కు పెట్టింది.